రెడ్డిగూడెం మెట్టలో కబురు నడిచిన దారి

ప్రత్యేక సంచికకు ఏదైనా పాత సంగతి రాయమని సంఘం మిత్రులు అడిగినప్పుడు, చరిత్ర అంటే ముందుగా రాజులూ కోటలే గుర్తుకు వచ్చాయి. మన మెట్ట ప్రాంతంలో వాటికి కొదవ లేదు. జగ్గయ్యపేట స్తూపాన్ని 1882లో బర్జెస్ దొర పరిశోధించిన సంగతి, ఆ ఊరికి వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టిన సంగతి మనలో చాలామందికి తెలిసినవే. వాటి గురించి పెద్దలు రాశారు, రాస్తున్నారు. నేను మాత్రం అంతకన్నా చిన్న విషయం ఎత్తుకుంటున్నాను. మన ఊళ్ళలో కబురు ఎలా నడిచింది? ఎవరు చెప్పేవారు, ఎవరు వినేవారు, ఎవరు రాసి ఉంచేవారు?

నేను 1966లో రెడ్డిగూడెం ప్రాంతంలోని ఒక ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరాను. ఒక పక్క మైలవరం, ఒక పక్క నూజివీడు, ఇంకో పక్క విస్సన్నపేట. ఎర్రనేలలు, చెరువులు, మామిడితోటలు. కృష్ణా జిల్లా అనగానే బయటివారికి డెల్టా కాలువలు, వరిచేలు కళ్ళముందు మెదులుతాయి గాని, మా వైపు ఆకాశం వంక చూసి సేద్యం చేసిన ఊళ్ళే ఎక్కువ. (2022 ఏప్రిల్ నుంచి ఈ మండలం ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. అయినా మా తరం వారి నోట ఇంకా కృష్ణా జిల్లా అనే వస్తుంది.)

డప్పు, చావడి

ఆ రోజుల్లో ఊరికి మొదటి పత్రిక డప్పే. శిస్తు కట్టవలసిన గడువు, చెరువు తూము ఎత్తే రోజు, అమ్మవారి జాతర, టీకాల వారు వచ్చే వేళ, తప్పిపోయిన గేదె, అన్నీ దాని మీదనే వెళ్ళేవి. సర్కారు కాగితాలలో దీన్ని టాంటాం వేయించడం అనేవారు. ఆస్తి వేలం వేయాలన్నా సరే, టాంటాం వేయించినట్లు కాగితం మీద ఉండాలి. మాట మునసబుది, రాత కరణానిది. గొంతు మాత్రం వెట్టివానిది.

వెట్టి, తలారి అనే ఈ గ్రామ నౌకర్లు చాలాచోట్ల దళితులు. కళ్ళాల దగ్గర రైతులు కొలిచి ఇచ్చే మేర గింజలతోనో, కొన్నిచోట్ల కొద్దిపాటి ఇనాం భూమితోనో బతికేవారు. తరువాతి కాలంలో వీరు గ్రామ సేవకులయ్యారు, ఆపైన గ్రామ రెవిన్యూ సహాయకులయ్యారు. మా ఊళ్ళో నేను చేరేనాటికి ఆ పని చేస్తున్న ఆయన గొంతు ఊరి చివరి చేను దాకా వినబడేది. ప్రతి వీధి మొగలో ఆగి మూడు దెబ్బలు కొట్టి, చెప్పవలసినది రెండుసార్లు చెప్పి సాగిపోయేవాడు. ఎవరి అరుగూ ఎక్కేవాడు కాదు. ఎక్కమని పిలిచిన వారినీ నేను చూడలేదు.

రెండో చోటు చావడి. కరణంగారి దగ్గర అడంగళ్ళు, చిట్టాలు ఉండేవి. ఏ సర్వే నెంబరులో ఎంత విస్తీర్ణం, ఏ పైరు, ఎంత శిస్తు, అన్నీ వాటిలో ఉంటాయి. అంతకు ముందు కాలంలో కరణాలు దండకవిలెలని ఊరి పూర్వోత్తరాలు కూడా రాసి ఉంచేవారు. కర్నల్ కాలిన్ మెకంజీ (1754-1821) కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సాయంతో ఊరూరా సేకరింపజేసిన కైఫీయతులకు ఆధారం ఈ కవిలెలూ, పెద్దల నోటిమాటలూనే. ఒక గుడి ఎవరు కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, ఏ కరువులో ఊరు పాడుపడింది అన్నది ఈనాడు మనకు తెలుస్తున్నదంటే, అప్పటి కరణాలు తమ ఊరి కబురును కాగితం మీద పెట్టినందువల్లనే. 1883లో గోర్డన్ మెకంజీ వెలువరించిన కృష్ణా జిల్లా మాన్యువల్‌లోనూ ఊళ్ళూ, జమీలూ, కరువులూ కనిపిస్తాయి.

కాని ఒక్క సంగతి గమనించాలి. ఈ రాతలన్నీ భూమి గురించి, శిస్తు గురించి, దానధర్మాలు చేసినవారి గురించి. భూమి లేనివారి పేరు వాటిలో ఎక్కే సందర్భం అరుదు. ఇంగ్లండులో 1538లో ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఇచ్చిన ఉత్తర్వుతో ప్రతి చర్చిలోనూ బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు రాయడం మొదలుపెట్టారు. అందుచేత అక్కడ ఒక చిన్న పల్లెటూరి కూలివాని మనుమడు సైతం తన తాతముత్తాతల పేర్లు వెతుక్కోగలుగుతున్నాడు. మన దగ్గర పొలానికి ఉన్నంత వంశచరిత్ర దాన్ని దున్నిన మనిషికి లేదు.

జూలై 1

ఈ మాట నాకు పుస్తకాలవల్ల తెలిసినది కాదు. 1967 జూన్‌లో ఆ డప్పు కొట్టే ఆయనే తన కొడుకును బడిలో వేయడానికి తీసుకువచ్చాడు. పుట్టిన తేదీ ఎప్పుడని అడిగాను.

"తేదీ ఏం తెలుసు పంతులుగారూ! మామిడి ఇరగగాసిన ఏడు. పునాస జొన్న ఏసే రోజులు," అన్నాడు.

మునసబుగారి జనన మరణాల రిజిస్టరులో చూద్దామంటే, ఆ కబురు అక్కడ చెప్పలేదన్నాడు. ఊరందరి కబురూ చాటినవాడు తన ఇంటి కబురు మాత్రం చెప్పుకోలేదు. చెప్పుకోవాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు. లెక్క వేసి 1962 జూలై 1 అని రాశాను. మన పెన్షనర్లలో ఆ తేదీన "పుట్టిన"వారు ఎందరో లెక్క తీస్తే నవ్వు వస్తుంది. అందరికీ పురుడు పోసింది హెడ్మాస్టర్లే! జనన మరణాల నమోదుకు దేశమంతటికీ ఒకే చట్టం 1969లో వచ్చింది. అది మా ఊరి పాలెం గుడిసెల దాకా నడిచి రావడానికి మరికొన్నేళ్ళు పట్టింది.

పోస్టు, పత్రిక, రేడియో

మూడో దారి పోస్టు. బ్రాంచి పోస్టాఫీసు తరచు బడిపంతులు ఇంట్లోనే ఉండేది. కార్డు రాసిపెట్టడం, వచ్చిన కార్డు చదివిపెట్టడం మన ఉద్యోగంలో రాయని భాగం. కార్డు మీద మూలకు పసుపు ఉంటే శుభం. అంచు నలుపైతే చదవకముందే ఇంట్లో ఏడుపు మొదలయ్యేది. చదివి చినిపేసేవారు గాని, ఆ కార్డు ఇంట్లో ఉంచుకునేవారు కారు.

పత్రికల విషయంలో మన జిల్లాది పెద్ద చరిత్ర. కృష్ణాపత్రిక 1902లో బందరులో పుట్టింది. 1907 నుంచి 1945 దాకా ముట్నూరి కృష్ణారావుగారు దానికి సంపాదకులు. ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించి, 1914లో మద్రాసులో దినపత్రిక చేశారు. ఆ 1914లోనే బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మొదటి మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటివారి కృషితో పల్లెల్లో పఠనాలయాలు వెలిశాయి. ఒక్క పత్రిక తెప్పించి, చదువు వచ్చినవారు చదువుతుంటే పదిమంది చుట్టూ కూర్చుని వినడం అప్పటి పద్ధతి. అయితే మద్రాసులో అచ్చయిన పత్రికలో మన ఊరి సంగతి ఎక్కడ ఉంటుంది? దేశం కబురు ఊరికి వచ్చేది, ఊరి కబురు దేశానికి వెళ్ళేది కాదు.

1948లో మన మెట్ట తాలూకాలకు ఈ తేడా బాగా తెలిసివచ్చింది. నందిగామ, జగ్గయ్యపేట, తిరువూరు వైపు ఊళ్ళకు పొలిమేర దాటితే నైజాము. రజాకార్ల భయంతో కట్టుబట్టలతో ఇవతలికి వచ్చినవారే ఆ రోజుల్లో పత్రికలు. సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు. విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైంది ఆ తరువాత, డిసెంబరు 1న. పొలిమేర అవతల ఏం జరిగిందో మా పెద్దలు మనుషుల నోట విన్నారు గాని, రేడియోలో కాదు.

పంచాయతీ ఆఫీసు మీద లౌడ్‌స్పీకరు పెట్టి రేడియో వినిపించే రోజులు నాకు బాగా గుర్తు. పొలం పనుల సలహాలు, ధరలు, వార్తలు. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ చిట్టచివరి భాగం మా మెట్టకు రావలసినది. ఆనాటి నుంచి నేటి వరకు మా రైతు ముందుగా అడిగే కబురు ఒకటే: నీళ్ళు వదిలారా? వదిలినా మనదాకా వస్తాయా? 1983లో పదవీ విరమణ వయసు 58 నుంచి 55కు తగ్గించిన కబురు కూడా చాలామంది ఉద్యోగుల ఇళ్ళల్లో రేడియో ద్వారానే పడింది. ఆ రోజు ఎవరింట్లో అన్నం సయించలేదో మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు.

1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన సంగతి వేరు. మాకు ఆ రోజు గాలీ వానా తప్ప ఇంకేమీ తెలియదు. తీగలు తెగి, దారులు మునిగి, ఎంత ఘోరం జరిగిందో బయటపడడానికి రోజులు పట్టింది. పదివేల మందికి పైగా పోయారని తెలిశాక, బియ్యం, పాతబట్టలు పోగుచేయమని మా ఊళ్ళో డప్పు వేయించారు. ఆయన కొట్టిన చివరి పెద్ద చాటింపు నాకు తెలిసినంతలో అదే. సంక్రాంతి లోపునే ఆయన పోయాడు.

జిల్లా పేజీలు

1984 జనవరిలో మునసబు, కరణం పదవులు రద్దయ్యాయి. 1985లో మండలాలు వచ్చాయి. చావడి మూతపడింది. 1989లో ఈనాడు జిల్లాల వారీగా చిన్న సైజు ప్రత్యేక పేజీలు మొదలుపెట్టింది, మిగతా పత్రికలూ ఆ దారి పట్టాయి. మండలానికొక విలేకరి వచ్చాడు. పశువైద్య శిబిరం, పాడైన బోరింగు, పదో తరగతి ఫలితాలు అచ్చులో చూసుకున్నాం. ఊరి కబురుకు ఎంత బలముందో 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు చూపించారు. అక్షరాస్యతా వాచకంలోని ఒక పాఠం, పత్రికల వార్తలు కలిసి ఆ సారా పోరాటాన్ని రాష్ట్రమంతటా నడిపించాయి. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధించారు.

ఇప్పుడు అందరి చేతిలో ఫోను ఉంది. కబురు క్షణంలో అమెరికా చేరుతుంది, మరునాటికి దాని మీద నూరు కబుర్లు పడి కనబడకుండా పోతుంది.

మనం చేయవలసింది

ఆ బడిలో వేసిన పిల్లవాడు చదువుకుని ప్రభుత్వోద్యోగి అయ్యాడు. నేను వేసిన తేదీ ప్రకారం 62 ఏళ్ళు నిండి 2024 జూన్ 30న రిటైరయ్యాడు. ఆ తరువాత ఒకరోజు మా ఇంటికి వచ్చి, "మాస్టారూ, మా నాన్న పోయిన తేదీ మీకేమైనా గుర్తుందా? తద్దినం ఎప్పుడూ ఉజ్జాయింపుగానే పెడుతున్నాం," అని అడిగాడు. ఉప్పెనకు తరువాత, సంక్రాంతికి ముందు అని మాత్రమే చెప్పగలిగాను. నాకు రాత వచ్చు, కాగితం ఉంది, ఆయన ఇల్లు బడికి కూతవేటు దూరం. అయినా నేను రాసిపెట్టలేదు. ఆయన నోటితో ఊరికి చేసిన పనిని నేను కలంతో ఆయనకు చేయలేకపోయాను.

కనుక మిత్రులకు నా మనవి. మనలో రెవిన్యూ వారున్నారు, పోస్టల్ వారున్నారు, ఉపాధ్యాయులున్నారు, ఆరోగ్యశాఖ వారున్నారు. ఒక్కొక్కరు తాము పనిచేసిన ఊరి గురించి నాలుగు పేజీలు రాయండి. చెరువు పేరు, మొదటి బస్సు, కరెంటు వచ్చిన ఏడు. వాటితోపాటు డప్పు కొట్టిన వారి పేరు, మంత్రసాని పేరు, బావి తవ్విన వారి పేర్లు, తెలిస్తే తేదీలతో. తెలియకపోతే ఇంకా బతికి ఉన్న పెద్దలను ఈ సంక్రాంతి లోపునే అడగండి. రాసినదాన్ని ఒక ప్రతి ఊరి బడిలో, ఒక ప్రతి గ్రంథాలయంలో ఉంచండి.

నా నాలుగు పేజీలు మొదలుపెట్టాను. మొదటి పేజీలో ఆయన పేరు రాశాను. పోయిన తేదీ దగ్గర ఖాళీ ఉంచాను. ఆయన ఈడువారు పాలెంలో ఇంకా ఇద్దరున్నారని వాళ్ళబ్బాయి చెప్పాడు. వచ్చే వారం ఇద్దరం కలిసి వెళుతున్నాం.