వరదొస్తే అగ్ని బీమా

మాది కొల్లూరు వైపు కృష్ణ లంకల్లో ఒక ఊరు. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు కిందికి వదిలారు. 1957లో బ్యారేజీ కట్టిన దగ్గర్నుంచీ అంత వరద లేదు. నేను హైదరాబాదులో లాప్‌టాప్ ముందు కూర్చుని ఆ అంకె చూస్తున్న సమయానికి మా ఇంట్లో నడుం లోతు నీళ్ళున్నాయి. అమ్మానాన్న, నాయనమ్మ అప్పటికే కరకట్ట మీదికి చేరారు కాబట్టి సరిపోయింది.

నీళ్ళు తీశాక వెళ్ళాను. గదుల్లో జానెడు ఒండ్రు, వెల్లకిలా పడ్డ ఫ్రిజ్, ఉబ్బిపోయిన తలుపులు. నేను అడిగిన మొదటి ప్రశ్న, "నాన్నా, ఇన్సూరెన్స్ ఉందా?" అని. "ఉంది గదా, దుగ్గిరాల కోల్డ్ స్టోరేజీలో పసుపుకి" అన్నారు. ఇంటికి? "ఇంటికెవరు చేస్తారా!"

గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలు, పత్తి జిన్నింగు మిల్లులు చూడండి, అక్కడా ఇదే కథ. సరుకు మీద బ్యాంకు అప్పిస్తుంది కాబట్టి బీమా అడుగుతుంది. టిక్కీకి బీమా ఉంటుంది, బేలుకి ఉంటుంది. వాటిని పండించినవాడి ఇంటికి ఉండదు. ఎందుకిలా అని తవ్వుకుంటూ పోతే తేలిన సంగతులే ఈ టపా.

అసలు బీమా మనకి కొత్తేం కాదండీ. 1864 నవంబరు 1న ఉప్పెనొచ్చి ముప్ఫై వేల మందిని పోగొట్టుకున్న ఊరు బందరు. అదే బందరులో 1925లో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టారు. 1956లో జీవిత బీమా జాతీయమయ్యి ఎల్‌ఐసీ వచ్చింది, ఏజెంటు ప్రతి ఊరికీ వచ్చాడు. 1973 జనవరి 1న మిగతా బీమా కూడా జాతీయమయ్యింది. 107 కంపెనీలు కలిసి నాలుగయ్యాయి. కానీ ఆ నాలుగింటి తరఫునా ఇంటికి బీమా చేస్తామంటూ మా గడప తొక్కినవాళ్ళు లేరు.

తర్వాత నాలుగేళ్ళకే, 1977 నవంబరు 19న, దివిసీమ ఉప్పెన. కృష్ణా జిల్లాతో పాటు అప్పటి గుంటూరు జిల్లాలోని రేపల్లె, బాపట్ల ప్రాంతాలు కూడా దెబ్బతిన్నాయి. చనిపోయినవాళ్ళు పదివేలకి తక్కువ కాదు. నాయనమ్మ పుట్టిల్లు రేపల్లె దగ్గర. "పాణం దక్కితే చాలనుకున్నాంరా, ఇల్లెవడికి కావాల?" అంటుంది. తర్వాత ఇళ్ళు కట్టించింది ప్రభుత్వమూ, స్వచ్ఛంద సంస్థలూ.

1990 మేలో మళ్ళీ అలాంటి తుఫానే కృష్ణా నది ముఖం దగ్గర తీరం దాటింది. ఈసారి చనిపోయినవాళ్ళు వెయ్యి లోపే. హెచ్చరికలు ముందే అందాయి, తుఫాను షెల్టర్లున్నాయి, జనాన్ని ముందే తరలించారు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది, ప్రాణనష్టం ఇంకా తక్కువ. అంటే ఈ యాభై ఏళ్ళలో మనుషుల్ని కాపాడుకోవడం మనకి బాగానే వచ్చింది. ఇంటి సంగతి మాత్రం 1977లో ఎక్కడుందో అక్కడే ఉంది: సాయం కోసం ఎదురుచూడ్డం.

సాయాన్ని తక్కువ చేయట్లేదు. 2024లో బుడమేరు ముంచిన విజయవాడలో కింది అంతస్తు ఇంటికి 25 వేలు, పై అంతస్తులకి 10 వేలు ప్రకటించారు. ఆ వేళకి అది ఎంతో ఆసరా. కానీ సాయం ఎంతన్నది ఇచ్చేవాళ్ళు నిర్ణయిస్తారు. క్లెయిము అలా కాదు, కాగితం మీద రాసుకున్న ఒప్పందం. ఇవ్వకపోతే ఎందుకివ్వలేదని నిలదీయొచ్చు.

మరి జనం ఎందుకు తీసుకోలేదు? పేరు కూడా ఒక కారణమని నా అనుమానం. ఇళ్ళ బీమా మొదలైంది 1666లో లండన్ తగలబడ్డ తర్వాత. ఆ వారసత్వంగా మన దగ్గర తుఫాను, వరద, ముంపు అన్నీ అగ్ని బీమా పాలసీలోనే ఒక భాగం. ప్రీమియం తగ్గుతుందంటే ఆ భాగం తీసేయించుకునే వీలు కూడా ఉండేది! కృష్ణ ఒడ్డున ఉండేవాడికి "ఫైర్ పాలసీ" అంటే ఏం అర్థమవుతుంది చెప్పండి? అమెరికాలో ఇంకో రకం. 1927 మిసిసిపి వరద తర్వాత ప్రైవేటు కంపెనీలు వరద బీమా నుంచి తప్పుకున్నాయి, చివరికి 1968లో ప్రభుత్వమే ఒక పథకం పెట్టాల్సి వచ్చింది. మన పాలసీలో వరద ఉంది, ఉందని చెప్పినవాళ్ళే లేరు.

2021 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలన్నీ "భారత్ గృహ రక్ష" అనే ఒకే నమూనా పాలసీ అమ్మాలని నియమం వచ్చింది. వరద, తుఫాను అందులో ఉన్నాయి. ఇంటికి చేస్తే సామాన్లకి కూడా ఇంటి బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా, దానంతటదే వర్తిస్తుంది. అలాగని అన్నీ రావు. ప్రత్తిపాడులో మా మేనమామ ఇల్లు నల్లరేగడిలో ఉంది, వానకి నేల ఉబ్బి ఎండకి కుంగి ఏటా గోడలు బీటలిస్తాయి. అలాంటి మామూలు పగుళ్ళకి డబ్బులివ్వరు. ఏళ్ళ తరబడి కారే స్లాబుకి కూడా అంతే.

ఇంకో మాట. నీళ్ళు తీయగానే మనం చేసే మొదటి పని కడిగేయడం. మేమూ అదే చేశాం. బీమా ఉన్నవాళ్ళు ముందు కంపెనీకి కబురు చెయ్యండి. గోడ మీద నీళ్ళు నిలిచిన గీతని, పాడైన ప్రతి వస్తువుని ఫోటోలు తియ్యండి. సర్వేయరు చూసేదాకా పాడైనవి పారెయ్యకండి, తడిసిన ఫ్రిజ్ నడుస్తుందేమోనని ప్లగ్గు పెట్టి చూడకండి.

మా ఇంటి మరమ్మతుకి పోయింది పసుపు అమ్మిన డబ్బే. తర్వాతి పంట పెట్టుబడి నాన్న వడ్డీకి తెచ్చారు. నాకు అప్పుడర్థమైంది, ఇంటికి బీమా లేకపోతే మునిగేది ఇల్లొక్కటే కాదు, పంట కూడా.

పోయిన సంక్రాంతికి ఇంటికి పాలసీ తీసుకున్నాం. నాన్న కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివి, వరద అన్న మాట దగ్గర పెన్సిల్‌తో గీత గీసి, పొలం పాస్‌బుక్కుతో పాటు బీరువా పై అరలో పెట్టారు. ఈసారి నీళ్ళొచ్చినా అంత ఎత్తుకి రావని ఆయన లెక్క :)

(నేను బీమా ఏజెంటుని కాదండోయ్, ముందే చెప్తున్నా.)