కూలిన బెంగళూరు కోట

బెంగళూరు కె.ఆర్. మార్కెట్ రద్దీ పక్కన ఢిల్లీ గేటు, దాన్ని ఆనుకుని కొద్దిపాటి గోడ మిగిలాయి. 1761లో హైదర్ అలీ రాతితో కట్టించిన కోటలో మనకు దక్కింది అంతే. 1791 మార్చి 21న ఇంగ్లీషు సేన చొరబడిన గండి ఇదేనని అక్కడొక పలక పెట్టారు. లోపల నిలబడి చచ్చినవాళ్ల ఊసు అందులో లేదు.

ఆ రాత్రి వెన్నెల. ఫిరంగులు కొట్టిన గండిలోంచి సిపాయిలు ఎగబాకారు. కిల్లేదారు బహదూర్ ఖాన్ తెల్లగడ్డం ముసలివాడు. కత్తి దించకుండా పోరాడి అక్కడే నేలకొరిగాడు. హైదర్ కొడుకు, మైసూరు సుల్తాను టిప్పు సైన్యంతో దగ్గర్లోనే ఉన్నా సాయం అందలేదు. శవాన్ని పంపిస్తామని ఇంగ్లీషు సేనాని కారన్‌వాలిస్ కబురు పెడితే, ఆ ఊళ్లోనే మట్టిచేయించమన్నాడట టిప్పు.

ఈ కారన్‌వాలిస్, 1781లో యార్క్‌టౌన్‌లో అమెరికన్లకు లొంగిపోయినవాడే. అప్పుడు అమెరికాకూ మైసూరుకూ శత్రువు ఒకడే, అండ కూడా ఒకటే, ఫ్రాన్సు. 1782 ఏప్రిల్‌లో పెన్సిల్వేనియా వాళ్ల ‘హైదర్ అలీ’ ఓడ డెలావేర్ అఖాతంలో తనకంటే బలమైన ఇంగ్లీషు ఓడ ‘జనరల్ మంక్’ను అరగంటలో లొంగదీసింది. మన హైదర్ పేరు అంత దూరాన గెలిచిందంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఆ బంధం నిలవలేదు. 1783లో యూరపులో సంధి వార్త రాగానే ఫ్రెంచివాళ్లు మంగళూరు ముట్టడి మధ్యలో టిప్పును వదిలేశారు. 1788లో వెర్సాయ్ వెళ్లిన ఆయన రాయబారులు మర్యాదలందుకుని ఉత్తచేతులతో తిరిగొచ్చారు. 1793లో వాషింగ్టన్ తటస్థత ప్రకటించాడు. మరుసటేడు బ్రిటన్‌తో కుదిరిన జే ఒప్పందం అమెరికా ఓడలకు బ్రిటిష్ ఇండియా రేవుల్ని తెరిచింది. అప్పుడే కాళ్లూనుతున్న దేశం తన బతుకు తాను చూసుకుంది. దాన్ని తప్పుపట్టలేను.

నా బాధంతా ఇరుగుపొరుగు గురించే. టిప్పంటే వాళ్లకు భయమూ పగా ఉన్నాయి. కొడగు, మలబారు జనం ఆయన చేతుల్లో పడ్డ కష్టాలూ అబద్ధం కావు. అయినా నిజాము, మరాఠాలు ఈస్టిండియా కంపెనీ దండుకు తోడు వెళ్లకపోతే టిప్పు పతనం అంత తేలిగ్గా జరిగేది కాదు. 1792 శ్రీరంగపట్నం సంధిలో సగం రాజ్యం పోయింది. 3 కోట్ల 30 లక్షల రూపాయల జరిమానా పడింది, ఇద్దరు పసికొడుకులు పూచీగా ఇంగ్లీషు డేరాలకు వెళ్లారు. 1799 మే 4న టిప్పు కూడా పోయాడు.

నిజాము వాటాకు 1792లో మన కడప, 1799లో గుత్తి, గుర్రంకొండ వచ్చాయి. 1800లో కంపెనీ పటాలాల ఖర్చు కింద వాటన్నిటినీ ఆయన కంపెనీకే రాసిచ్చేశాడు.