మొకం వద్దు బిడ్డా, చేతులు తియ్యుండ్రి

కోరుట్లలో ఒక ఇంటి అరుగు మీద కూర్చుని ఆమె బీడీలు చుడుతోంది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, దారం. డిగ్రీ చదివే ఇద్దరమ్మాయిలు ఫోన్ కెమెరా సిద్ధం చేసుకున్నారు. తమ చుట్టుపక్కల చర్చిల కథను చిన్న సినిమాగా తియ్యాలని వాళ్ల కోరిక. తోడు రమ్మంటే నేనూ వెళ్లాను. తియ్యడం మొదలుపెట్టగానే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నా మొకం వద్దు బిడ్డా, చేతులు తియ్యుండ్రి. నేను చెప్త, మీరు ఇనుండ్రి."

నిజం చెప్పాలంటే నాకు నిరాశే కలిగింది. ముఖం, పేరు లేని సాక్ష్యం చరిత్రలో నిలుస్తుందా అనుకున్నాను. పరిశోధన నేర్పిన అలవాటు అది.

1978 సెప్టెంబరు 7 నాటి జైత్రయాత్ర జగిత్యాలను చరిత్రలోకి తెచ్చింది. సిరిసిల్ల అనగానే మరమగ్గాలు గుర్తొస్తాయి. ఈ ఊళ్ల చర్చిల గురించి వెతికితే మాత్రం ముందుగా దొరికేది మిషనరీల కథే. ఇంగ్లండు వెస్లియన్ మిషన్ 1879లో సికింద్రాబాదులో పని మొదలుపెట్టి 1880లలో కరీంనగర్ చేరింది. 1947లో ఆ సంఘాలు సి.ఎస్.ఐ.లో కలిశాయి. ఈ కథలో స్త్రీలు లేరని కాదు. డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రి అనగానే డాక్టర్ ఇసబెల్ కెర్ పేరు వస్తుంది. ఇల్లిల్లూ తిరిగి చదువు చెప్పి, వాక్యం వినిపించిన మన బైబిల్ స్త్రీలు మాత్రం చాలాచోట్ల పేరు లేకుండానే మిగిలారు.

మెదక్ చర్చినే చూడండి. 1914లో మొదలై 1924లో పూర్తయింది. కట్టించినది చార్లెస్ వాకర్ పాస్నెట్ అని అందరికీ తెలుసు. కరువు కాలంలో కూలి కోసం, తిండి కోసం ఆ పనికి వచ్చినవాళ్ల పేర్లు ఎవరికి తెలుసు? గోపురాన్ని కింది నుంచి పైకి చూపించే సినిమా ఈ ప్రశ్న అడగలేదు.

కెమెరాను ఎక్కడ నిలబెట్టాలో మనకు చెప్పినవాళ్లున్నారు. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళలు సినిమాలు తియ్యడం నేర్చుకుని, 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్టుగా ఏర్పడ్డారు. పైనుంచి, కిందినుంచి చూసే కోణాల్లో పటేలుకూ జీతగాడికీ ఉండే తేడాను పసిగట్టారు. కళ్లకు సమంగా పెట్టే షాట్‌కు 'సంఘం షాట్' అని పేరు పెట్టుకున్నారు. మా అమ్మాయిలకు ఈ సంగతి చెప్పాను. వెంటనే ఫోన్ దించి నేలమీద కూర్చున్నారు.

అయినా ఒక ప్రశ్న మిగిలింది. కళ్లకు సమంగా పెట్టినా ఆమె ముఖం ఎందుకు వద్దంటోంది? ఆమె కారణం చెప్పలేదు, మేము అడగలేదు. కానీ ఈ ప్రాంతంలో చర్చి జ్ఞాపకం ఒట్టి జ్ఞాపకంగా ఉండదని నాకు తెలుసు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హోదా దక్కింది. క్రైస్తవ దళితులకు దక్కలేదు. ఇక్కడ వాళ్లు బి.సి.-సి కింద 1 శాతం రిజర్వేషన్‌లో ఉంటారు. వాడలో వివక్ష మాత్రం ఏ సర్టిఫికెట్టూ అడగదు. అలాంటిచోట "మీ అమ్మమ్మ ఎప్పుడు బాప్తిస్మం తీసుకుంది?" అని కెమెరా ముందు అడగడం మామూలు ప్రశ్న కాదు. వారసత్వం అని మనం ముచ్చటపడేది ఒక ఇంటి పిల్లల చదువుకు, ఉద్యోగానికి అడ్డుపడవచ్చు.

దాచిన పేర్లను వెలికి తియ్యడమే స్త్రీవాద చరిత్ర పని అని ఇన్నాళ్లూ నమ్మాను. ఇప్పటికీ నమ్ముతాను. అయితే చరిత్ర రాసినవాళ్లు చెరిపేసిన పేరు వేరు, ఆమె తనకు తానుగా దాచుకున్న పేరు వేరు. ఈ తేడా నేను కోరుట్ల అరుగు మీద నేర్చుకున్నాను.

అమ్మాయిలు తీసినదాన్ని ముందుగా ఆమెకే చూపించారు. ఆకు కత్తిరించే వేళ్లు, దారం చుట్టే వేళ్లు, వాటి మీదుగా ఆమె గొంతు. ఆమె రెండుసార్లు చూసి ఒక మాట తీసెయ్యమంది. తీసేశారు. అదేమిటో నేనూ రాయడం లేదు.