ఒక యంత్రపు బొమ్మ మరియొక యంత్రమున



హనుమకొండలోని వేయిస్తంభముల గుడిని మీలో ననేకులు చూచియే యుందురు. కాకతి రుద్రదేవుడు శాలివాహన శకము 1084న, అనగా క్రీస్తుశకము 1163 జనవరిలో, ప్రతిష్ఠ చేయించిన త్రికూటాలయ మది. గుడికి దక్షిణముగా నంది, నందికి ఆవల కల్యాణమండపము. ఆ మండపమును 2006 ప్రాంతమున పునర్నిర్మాణమునకై రాయి రాయిగా విప్పిరి. అది మరల తెరవబడినది 2024 మార్చిలో. విప్పుటకు పూర్వము, 2004లో, నేను దానిని పదునాలుగు ఛాయాచిత్రములుగా తీసితిని. నేటి నా ప్రసంగము ఆ పదునాలుగు చిత్రముల గతిని గూర్చినది.

హైదరాబాదులో మా మేనల్లుని కంప్యూటరులో వానిని వరుసగా కూర్చి, ఒక్కొక్కదాని క్రింద ఇంగ్లీషున రెండు మాటలు వ్రాసి, తెరపై చూపుటకు సిద్ధము చేసితిని. చోటు చాలదని కెమెరాలోని మూలచిత్రములను చెరిపివేసితిని. కొన్నేండ్లకు ఆ ఫైలును గొనిపోయి ఒక గ్రామపు పాఠశాలలో చూపబోయితిని. అచటి కంప్యూటరు వేరొక జాతిది. తెర వెలిగినది. నా మాటలన్నియు నున్నవి. బొమ్మ లుండవలసిన చోట తెల్లని గడులు, వానిలో ఎర్రని గుణకారపు గుర్తులు!

“బొమ్మలు ఇంటికడ మరచి వచ్చితిరా పంతులుగారూ?” అని ముందు వరుసలోని వృద్ధు డొకరు అడిగిరి. అందరు నవ్విరి. నేనును నవ్వితిని. కాని అప్పటికి మండపము విప్పబడియుండెను. ఆ చిత్రములను మరల తీయుటకు వీలులేదు.

ఆ యంత్రముల పేర్లు చెప్పను. మూలములను చెరిపిన తప్పు నాది. ఇట్టి చిక్కు ఎట్లు పుట్టెనో మాత్రము చెప్పెదను.

కంప్యూటరు బొమ్మను బొమ్మగా దాచదు. దానిని మిక్కిలి సన్నని చుక్కలుగా విభజించి, ఒక్కొక్క చుక్క రంగును అంకెలలో వ్రాసికొనును. ఆ అంకెల నే క్రమమున చదువవలెనో తెలియనిదే బొమ్మ రాదు. ఇది మనకు క్రొత్త సంగతి కాదు. మన శాసనకవులు సంవత్సరమును అంకెలకు మారుగా మాటలతో చెప్పుట కలదు. “వేద, వసు, గగన, శశి” అన్నచో నాలుగు, ఎనిమిది, సున్న, ఒకటి. (ఈ ఉదాహరణము నేను కూర్చినది, శాసనములోనిది కాదు.) అంకెలు ఎడమకు నడచునని యెరిగినవాడు దానిని 1084 అని చదువును. ఎరుగనివాడు 4801 అనును. అట్లే మాకింతోషు కంప్యూటరులో మొదట నుండిన మోటరోలా ప్రాసెసరు పెద్ద స్థానమును ముందుగా వ్రాసెడిది. ఇంటెలు ప్రాసెసరు చిన్న స్థానమును ముందుగా వ్రాయును. 1986లో ఆల్డస్ సంస్థవారు టిఫ్ అను చిత్రపద్ధతిని ఏర్పరచినపుడు ఫైలు మొదటనే రెండక్షరము లుంచిరి: ఇంటెలు క్రమమునకు “ఐ ఐ”, మోటరోలా క్రమమునకు “ఎం ఎం”. చదువబోవువానికి ముందుగనే దారి చెప్పు ఆ యుక్తి నాకు మిక్కిలి నచ్చినది.

క్రమ మొక్కటియే తగవు కాదు. 1984లో వచ్చిన మాకింతోషునకు పిక్ట్ అను తన యింటి చిత్రభాష యుండెను. విండోసునకు మెటాఫైలు అను వేరొక భాష. పవర్‌పాయింటు 1987లో మొదట మాకింతోషునకే వెలువడెను. దానిని చేసిన ఫోర్‌థాట్ సంస్థను ఆ యేడే మైక్రోసాఫ్టువారు కొనిరి. 1990లో అది విండోసునకును వచ్చెను. ప్రదర్శనము రెండిండ్లకును ఒక్కటియే, బొమ్మల భాషలు మాత్రము రెండు. ఆంగ్లాక్షరములకు 1963 నుండి ఆస్కీ యను ఉమ్మడి సంఖ్య లుండుటచే మాటలు సుఖముగా దాటినవి. (నేను తెలుగున వ్రాసియుండినచో అవియు చెదరియుండెడివి, ఆ రోజులలో మన లిపి యొక్కొక్క అచ్చులో నొక్కొక్క సంఖ్యగా నుండెడిది.) మన తాతల కాలమున హాలీసిక్కా వరంగల్లులో చెల్లెడిది. బెజవాడకు పోయినవాడు ఏడు హాలీ రూపాయల కించుమించు ఆరు కల్దారు రూపాయలుగా మార్చుకొనవలసియుండెను. మార్చువా డుండెను గనుక వర్తకము సాగెను. బొమ్మలకు చాలకాలము అట్టి మార్చువాడు సర్వత్ర దొరకలేదు.

1992లో జేపెగ్, 1996లో పీఎన్‌జీ అను ఉమ్మడి పద్ధతులు కుదిరినవి. అవి అన్ని యంత్రములకును తెలిసినవి. కాని వానిని ఫైలుగా చేర్చక, ఒకచోట ఎత్తి మరియొకచోట అతికించినచో, బొమ్మ ఆ యింటి భాషలోనికి మారుట కలదు. నేను చేసిన దదియే. 2017 నుండి ఐఫోనులు హీక్ అను క్రొత్త పద్ధతిని పట్టుటచే మనుమలు పంపిన ఫోటోలు కొన్ని పాత కంప్యూటరులలో తెరచుకొనుట లేదు. పాత కథకు క్రొత్త వేషము!

తుదకు నా స్నేహితు నింట మూలబడియున్న పాతయంత్ర మొకటి దొరకినది. దానిపై పదునొకండు చిత్రములు తెరచుకొనినవి. వానిని జేపెగ్ లోనికి మార్చి, కాగితముపైన కూడ అచ్చు వేయించితిని. మూడు రాలేదు. అందులో నొకటి మండపపు ఈశాన్యపు మూల. 2006నకు పూర్వము ఆ మూల కనబడు ఫోటో మీ యిండ్లలో, పెండ్లి ఆల్బములలోనైన, ఉన్నదేమో చూడుడు. అది కంప్యూటరులో లేకున్నను సరే. కాగితముపై నున్న చాలును.