ఈసారి మద్దెలే ఓడు

ఇంజినీరింగ్ హాస్టల్లో ఉన్న రోజుల్లో మా బ్యాచ్‌కి ఒక పిచ్చి పట్టుకుంది. దాని పేరు స్టెప్‌మానియా. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు: పాట మోగుతుంటే తెర మీద బాణాలు పైకి జరుగుతూ వస్తాయి. అవి పైనున్న గుర్తుల దగ్గరికి చేరిన క్షణంలోనే మనం అదే బాణం నొక్కాలి. జపాన్ గేమ్ సెంటర్లలో 1998లో కొనామీ కంపెనీ పెట్టిన డాన్స్ డాన్స్ రెవల్యూషన్‌లో ఆ నొక్కడం కాళ్ళతో. మాకు ఆ మ్యాట్ కొనే తాహతు లేదు కాబట్టి కీబోర్డే గతి. 2001లో మొదలైన స్టెప్‌మానియా ఉచితం, సోర్స్ కోడ్ కూడా తెరిచి పెట్టారు. అన్నిటికన్నా మజా ఏంటంటే, ఏ పాటకైనా బాణాల వరస మనమే రాసుకోవచ్చు. దాన్నే చార్ట్ అంటారు.

ఆ ఫైలు తెరిచి చూస్తే మామూలు టెక్స్టే. వరసకి నాలుగు అంకెలు: ఎడమ, కింద, పైన, కుడి. 1 ఉంటే నొక్కు, 0 ఉంటే ఊరుకో. అంతే. ఇంత సులువుగా ఉంటే ప్రోగ్రాం రాయకుండా ఎవడుంటాడు? నేను రాశాను. ఓ మాస్ పాటని నిమిషానికి 200 బీట్ల వేగానికి పెంచి, బీటుకి నాలుగు చొప్పున, అంటే సెకనుకి 13కి పైగా బాణాలు ర్యాండమ్‌గా కురిపించాను. హాస్టల్లో ఒక్కడూ అర నిమిషం దాటి నిలబడలేదు. "ఆడలేక మద్దెల ఓడంటున్నార్రా" అని కాలరెగరేశాను. నా చార్ట్ నేనూ ఆడలేకపోయాననేది వేరే సంగతి.

సెలవులకి సీపీయూ, మానిటర్ మోసుకుని అనకాపల్లి పక్కన మా తుమ్మపాల చేరాను. మా తాతగారు అక్కడి చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. (ఇప్పుడా ఫ్యాక్టరీయే మూతబడింది.) ఉద్యోగం అదైనా ఆయన ప్రాణం మృదంగం. చుట్టుపక్కల ఊళ్ళలో హరికథలకి వాయించేవారు. నా ఘనకార్యం ఆయనకి చూపించాలనిపించింది. స్టెప్‌మానియాలో బాణం బాణానికీ టిక్కుమని మోగేలా పెట్టుకోవచ్చు. అలా పెట్టి వినిపించాను. తాతగారు కళ్ళు మూసుకుని తొడ మీద తాళం వేయడం మొదలెట్టారు. వేశారు, ఆపారు, మళ్ళీ వేశారు, మళ్ళీ ఆపారు.

"ఒరే గుంటడా, దీనికి సమం ఏదిరా?"

"అది దొరక్కూడదనే తాతా. చాలా కష్టం."

"దొరక్కపోతే అది కష్టం కాదురా, తప్పు. ఆడలేక మద్దెల ఓడంటారు గానీ, ఈసారి నిజంగా మద్దెలే ఓడు."

ఆ మాట అప్పుడు చురుక్కుమంది. తర్వాత చాలా ఏళ్ళకి, ఉద్యోగంలో పడ్డాక, తాళాల గురించి చదువుతుంటే అర్థమైంది. కష్టమైన చార్టులు రాయడంలో మనవాళ్ళు వందల ఏళ్ళ సీనియర్లు.

ముందు లెక్క చూద్దాం. కర్ణాటక సంగీతంలో ఏడు మూల తాళాలు. వాటిలో లఘువు అనే భాగం నిడివి 3, 4, 5, 7, 9 అక్షరాల్లో ఏదైనా కావచ్చు. ఏడు అయిదులు 35 తాళాలు. ఒక్కో అక్షరాన్ని మళ్ళీ అవే అయిదు రకాలుగా విడగొడితే 175. మన భాషలో చెప్పాలంటే రెండు పెరామీటర్ల ఫంక్షన్ అన్నమాట. అందరికీ తెలిసిన ఆది తాళం అందులో ఒకటి: 4+2+2, మొత్తం 8.

ఇది కాక నూట ఎనిమిది తాళాల పాత పట్టిక ఒకటుంది. అందులో అన్నిటికన్నా పొడుగైంది సింహనందనం, 128 అక్షరాలు. ద్రుతం 2, లఘువు 4, గురువు 8, ప్లుతం 12, కాకపాదం 16 అనుకుంటే దాని వరస ఇదీ: 8, 8, 4, 12, 4, 8, 2, 2, 8, 8, 4, 12, 4, 12, 8, 4, 4, 16. కూడి చూసుకోండి, సరిగ్గా 128. అక్షరానికి ఒక సెకను చొప్పున వేస్తే ఒక్క ఆవర్తనం తిరగడానికి 2 నిమిషాల 8 సెకన్లు. ఈ పద్దెనిమిది ముక్కల్లో ఎక్కడ తప్పినా సమం దగ్గర దొరికిపోతారు. తమిళదేశంలో మహా వైద్యనాథయ్యర్ (1844-1893) ఈ తాళంలో కానడ రాగంలో ఏకంగా ఒక తిల్లానాయే కట్టారు.

మన దగ్గర ఇంకో అడుగు ముందుకెళ్ళారు. సింహనందిని అని ఒక నృత్యం ఉంది. నర్తకి నేల మీద పరిచిన పొడి మీద సింహనందన తాళానికి అడుగులు వేస్తూ, ఆ పాదాలతోనే సింహం బొమ్మ గీస్తుంది. తాళం తప్పకూడదు, అడుగు పడే చోటూ తప్పకూడదు. నాట్యం అయ్యేసరికి సింహం కనబడాలి. కూచిపూడి గురువు సి.ఆర్. ఆచార్యులు గారు దీన్ని మళ్ళీ వెలుగులోకి తెచ్చారు. ఆయన అహ్మదాబాద్‌లోని దర్పణలో కూడా నేర్పారు. జపాన్ వాళ్ళ డాన్స్ మ్యాట్‌కి నాలుగే గళ్ళు, స్కోరు చెప్పడానికి మిషను. ఇక్కడ నేలంతా మ్యాటే, స్కోరు చెప్పేది సింహం. తోకో, జూలో వంకర పోతే చిన్నపిల్లాడు కూడా పట్టేస్తాడు.

ఇక మా ఉత్తరాంధ్ర విషయానికొస్తే, తాతగారు ఆ రోజు చెప్పింది అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు గారి గురించి. బొబ్బిలి దగ్గర అజ్జాడలో 1864లో పుట్టి 1945లో పోయిన హరికథా పితామహుడు. విజయనగరంలో 1919లో పెట్టిన సంగీత పాఠశాలకి మొదటి ప్రిన్సిపాల్. ఆయన తర్వాత 1936లో ఆ కుర్చీలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు కూర్చున్నారు. ఘంటసాల చదివింది అక్కడే. దాసుగారికి లయబ్రహ్మ, పంచముఖీ పరమేశ్వరుడు అనే పేర్లున్నాయి. రెండు చేతులు, రెండు పాదాలు, తలతో అయిదు తాళాలు ఒకేసారి వేసేవారని ప్రతీతి. మా తాతగారి గురువుగారు దాసుగారిని చూశారట. ఆ కథ చెప్పినప్పుడల్లా తాతగారి గొంతు మారిపోయేది.

ఇది ఎంత కష్టమో నాకు అర్థమైంది లెక్క వేశాకే. ఉదాహరణకి 3, 4, 5, 7, 9 అక్షరాల తాళాలు ఒకేసారి మొదలెట్టామనుకుందాం. అయిదూ మళ్ళీ ఒకే చోట కలిసేది వాటి కసాగు దగ్గర, అంటే 1260వ అక్షరం పూర్తయ్యాక. సెకనుకి ఒకటి చొప్పున 21 నిమిషాలు! అయిదు థ్రెడ్లు, ఒకటే ప్రాసెసర్, లాకులేవీ లేవు, డీబగ్గర్ అసలే లేదు.

ఇప్పుడు 2007లో వచ్చిన గిటార్ హీరో మూడో భాగం సంగతి చూడండి. అందులో డ్రాగన్‌ఫోర్స్ బృందం పాట 'త్రూ ది ఫైర్ అండ్ ఫ్లేమ్స్' ఎక్స్‌పర్ట్ చార్టులో 3,722 నోట్లు. చూస్తే కళ్ళు తిరుగుతాయి. అయినా జనం దాన్ని పూర్తిగా ఆడి చూపించారు, ఎందుకంటే ప్రతి నోటూ పాటలో ఉన్న గిటార్ వెంటే నడుస్తుంది. వేలు తప్పినా చెవి దారి చూపిస్తుంది. నా హాస్టల్ చార్ట్‌లో బాణాలకీ పాటకీ సంబంధమే లేదు. తాతగారు 'తప్పు' అన్నది దాన్ని. కష్టం పెట్టినవాడు ఇంటికి దారి కూడా పెట్టాలి. ఎంత దూరం తిప్పినా సరే, వినేవాడు తొడ మీద వేసుకునే తాళంతో చివరికి సమం దగ్గర కలవాలి.

ఈ కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. తాతగారు పోయాక ఆయన నోటు పుస్తకం నాకొచ్చింది. నిండా జతులు. ఒక పేజీలో ఆది తాళానికి ఒక ముక్తాయింపు ఉంది: తదిగిణతొం తదిగిణతొం, దాని పక్కన మూడు సార్లు అని. తదిగిణతొం అయిదు, రెండు కలిపి పది, మూడు సార్లు ముప్ఫై. ఆది తాళం ఒక ఆవర్తనానికి నాలుగేసి మాత్రల చొప్పున 32. రెండు తక్కువ! స్టెప్‌మానియాలో ఎక్కించి చూశాను. ప్రతిసారీ సమానికి రెండు మాత్రల ముందే అయిపోతోంది. తాతగారే లెక్క తప్పారేమో అనుకున్నాను. నిజం చెప్తున్నా, లోపల కాస్త సంతోషం కూడా కలిగింది. మద్దెల ఓడన్న మనిషి కదా.

తుమ్మపాల వెళ్ళినప్పుడు నాయనమ్మకి అది చదివి వినిపించాను. ఆవిడ ఏనాడూ మృదంగం ముట్టలేదు. వింటూనే అంది, "అలా గబగబా కాదురా. ఒకసారి అయినాక మీ తాత చెయ్యెత్తి ఓ క్షణం ఆగీవోరు. మళ్ళీ అందుకునీవోరు."

పది, ఒకటి, పది, ఒకటి, పది. ముప్ఫైరెండు. ఆ వెంటనే సమం.

రెండు ఖాళీలు. తాతగారికి అవి రాయాల్సినంత విషయం అనిపించలేదు, ఆయన చేతిలోనే ఉన్నాయి కాబట్టి. మనం కోడ్‌లో కామెంట్లు రాయకుండా వదిలేసేదీ ఇలాగే కదా, మనకి తెలుసుగా అని. సింహనందిని మిగిలింది ఎవరో పట్టుబట్టి అడుగు అడుగూ నేర్పారు కాబట్టి. దాసుగారి పంచముఖి మా ఇంటిదాకా వచ్చేసరికి ఆశ్చర్యంగా మిగిలింది, పద్ధతిగా కాదు.

నోటు పుస్తకంలో ఇంకా నలభై పేజీల దాకా ఉంది. నాయనమ్మకి ఎనభై దాటాయి. ఈ నెల నుంచి శనాదివారాలు తుమ్మపాలలోనే. నేను చదువుతాను, ఆవిడ ఎక్కడ ఆగాలో చెబుతుంది, ఫైల్లో అక్కడ నాలుగు సున్నాలు పెడతాను.