కరిగిన రాగికి ఆనవాలేది? టెలికాం సామగ్రి చోరీ, తుక్కు వ్యాపారం, చట్టం

ముమ్మిడివరం నుంచి యానాం వెళ్లే దారిలో, వీరేశ్వరస్వామి నిత్యకల్యాణంతో పేరుపడ్డ ఊరు మురమళ్ళ. కోనసీమలో తక్కిన ఊళ్లలాగే ఇక్కడా పాత సామాన్ల బండి వీధిలోకొస్తే ఎవరూ వింతగా చూడరు. అందులో పడ్డ రాగితీగ ఇంట్లో తీసేసిన పాత వైరో, టవర్ దగ్గర కోసిన కేబులో చూడగానే తెలియదు. పైన ప్లాస్టిక్ కాల్చేశాక అసలే తెలియదు. దొంగకు శిక్ష చాలడం లేదన్నది తరచూ వినిపించే మాట. నా పరిశీలనలో లోపం అక్కడ లేదు. సొత్తును గుర్తుపట్టడంలో ఉంది.

ఈ చిక్కును 1950 నాటి పార్లమెంటు పట్టుకుంది. టెలిగ్రాఫ్ తీగల అక్రమ స్వాధీన చట్టం, మైలు తీగ ఎన్ని పౌండ్లు తూగుతుందన్న లెక్కతో తంతి తీగను నిర్వచించింది. అలాంటి తీగ తపాలా తంతి శాఖదేనని కోర్టు నమ్మడానికి కారణముంటే చాలు, సక్రమంగా వచ్చిందని రుజువు చేసుకోవలసింది దాన్ని దగ్గర పెట్టుకున్నవాడే. దొంగ దొరక్కపోయినా తీగ బరువే సాక్ష్యం చెప్పేది. 1966 నాటి రైల్వే ఆస్తి చట్టమూ రుజువు భారాన్ని ఇలాగే మోపింది. అది నేటికీ అమల్లో ఉంది. టెలిగ్రామ్ సేవ 2013 జులైలో ఆగింది. 2023లో పార్లమెంటు 1950 చట్టాన్నీ కాలం చెల్లినవాటిలో చేర్చి రద్దు చేసింది. తంతి పోయింది గాని రాగి ధర పోలేదు.

2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితే దిక్కు. 303వ సెక్షన్ దొంగతనానికి, 317వది దొంగసొత్తు కొన్నందుకు. కొన్నవాడికి సంగతి తెలుసనో, నమ్మడానికి కారణం ఉందనో ప్రాసిక్యూషన్ చూపాలి. చోరీ జరిగిన కొద్దికాలానికే సొత్తు దొరికితే, లెక్క చెప్పలేనివాణ్ణి దొంగగానో, తెలిసి కొన్నవాడిగానో కోర్టు ఊహించవచ్చని సాక్ష్య అధినియమం 119వ సెక్షన్ ఉదాహరణ చెబుతుంది. అయితే ఇది ఆ సొత్తేనని ముందు తేలాలి. టవర్ మీది రేడియో యూనిట్‌కు సీరియల్ నంబరుంటుంది, ముద్దయిన రాగికేముంటుంది? ప్రజా ఆస్తి విధ్వంస నిరోధక చట్టం, 1984 టెలికాం సామగ్రిని ధ్వంసం చేసినవాడికి ఆరు నెలలకు తగ్గని, ఐదేళ్లకు మించని జైలు విధిస్తుంది. అది కోసినవాడి మాట, కొన్నవాడిని తాకదు.

పాత భారాన్ని మళ్లీ తెచ్చి బండివాడి నెత్తిన పెట్టడం మాత్రం అన్యాయం. రోజు గడవడమే కష్టమైనవాడు రసీదు ఎక్కణ్ణుంచి తెస్తాడు? ఇంగ్లండు, వేల్స్‌లలో 2013 చట్టం ఆ బాధ్యతను వ్యాపారి మీద పెట్టింది. లైసెన్సు ఉండాలి, అమ్మినవాడి గుర్తింపు సరిచూడాలి, నగదు ఇవ్వకూడదు. మన దగ్గర 2024 అక్టోబరు 10 నుంచి, జీఎస్టీ నమోదు లేనివారి దగ్గర లోహపు తుక్కు కొంటే నమోదైన వ్యాపారే పన్ను కట్టాలి. కాగితం అక్కడ పుడుతుంది. చిన్న కొట్టులో రాగి అప్పటికే కాలి, కలిసిపోయి ఉంటుంది. కనుక రాష్ట్ర ప్రభుత్వం మొదటి కొట్టు నుంచే కొనుగోలు పుస్తకాన్ని తప్పనిసరి చెయ్యాలి, ప్లాస్టిక్ కాల్చిన తీగను కొనడం నిషేధించాలి.