కాగు క్రింది ఖర్చు

ఒక కాగెడు నీళ్లు కాచుటకు ఎంత ఖర్చగునని అడిగినచో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలోని పెద్దలు కొంతకాలము క్రిందటి వరకు "ఖర్చేమున్నది, కట్టెలే కదా!" అని బదులు చెప్పెడివారు. ఈ మాటను చదువరులు నమ్మరాదు. కట్టెలు తమంతట తాము పొయ్యికడకు నడచి రావు. వానిని ఏరుట, మోయుట, ఎండబెట్టుట, వానకాలమున తడిసిన పుల్లలను కన్నీళ్లతో ఊది మండించుట, ఇదంతయు స్త్రీల పని. ఆ పనికి వెల కట్టినవారు లేరు గనుక ఖర్చు లేదనిరి.

ఇతర ప్రాంతములలో ఈ వాదము నిలిచిన నిలువవచ్చును గాని, ఇచట నిలువదు. ఈ మూడు పట్టణములలోను, వాని చుట్టుపట్ల పల్లెలలోను వేలకొలది స్త్రీలు బీడీలు చుట్టి సంసారములు నడుపుచున్నారు. కూలి వేయి బీడీల లెక్కన ముట్టును. అనగా స్త్రీయొక్క గంటకు ఇచట నాణెములలో వెల కలదు. పొయ్యి ముందర గడచిన గంట చాటలోని బీడీలలో తగ్గును. ఉచితమనుకొన్న కట్టె నిజమునకు కూలి సొమ్ముతో కొన్నదే.

విద్యుత్తు ఈ ప్రాంతమునకు వచ్చిన విధము చెప్పదగినది. 1969లో కేంద్రప్రభుత్వము గ్రామీణ విద్యుదీకరణ సంస్థను నెలకొల్పి, ప్రయోగముగా అయిదు సహకార సంఘములను ఎన్నుకొనెను. గుజరాతులో కొడినార్, కర్ణాటకములో హుక్కేరి, మహారాష్ట్రములో ములా-ప్రవర, ఉత్తరప్రదేశములో లక్నో ప్రాంతము, తెలుగునాట సిరిసిల్ల. 1970లో పని మొదలిడిన సిరిసిల్ల సంఘమున కరెంటు వాడుకొనువాడే సభ్యుడు. పాలకవర్గమును ఎన్నుకొనువాడును అతడే. అయినను ఆనాడు విద్యుత్తును కోరినది బావుల మోటార్లకు, దీపములకు, మరమగ్గములకు. వంటయింటి పొగను గూర్చి ఎవరు తలపోసిరి?

గ్యాసు కథ వేరు. 1955లో బొంబాయిలో బర్మాషెల్ వారును, 1965లో కలకత్తాలో ఇండేను వారును వంటగ్యాసును అమ్మనారంభించిరి. అది చాలకాలము పట్టణములలోని కలవారి సొత్తు. 1999లో దీపము పథకము క్రింద మహిళా సంఘముల సభ్యులకు కనెక్షనులిచ్చుటతో మన పల్లెలలో 'బండ' అను మాటకు క్రొత్త అర్థము వచ్చెను. కనెక్షను స్త్రీ పేర నుండుట చిన్న విషయముగా తోచవచ్చును. భూమియు, ఇల్లును పురుషుని పేర నుండిన కుటుంబములలో అది చిన్నది కాదు.

ఇక లెక్క. నీటికి పక్షపాతము లేదు. ఒక లీటరు నీటిని 25 డిగ్రీలనుండి 100 డిగ్రీలకు తెచ్చుటకు 75 కిలోకేలరీలు కావలెను. కట్టెయైనను కరెంటైనను అంతే. వేడిమియు శ్రమయు పరస్పరము మారునని పందొమ్మిదవ శతాబ్ది నడుమ జౌలు అను ఆంగ్లేయుడు కొలిచి చూపుటచేతనే మనమీ పోలిక చేయగలుగుచున్నాము. ఒక యూనిట్టు విద్యుత్తులో 860 కిలోకేలరీలున్నవి. రాడ్డుతో పదవవంతు వృథాయైనను పది లీటర్లు మరగును. 14.2 కిలోల బండలోని వేడిమిలో మూడింట రెండువంతులకు కొంచెము తక్కువ గిన్నెకు అందుననుకొన్నచో సుమారు 1,300 లీటర్లు మరగును. కావున ఒక బండ సుమారు 130 యూనిట్లకు సమానము. ఈ నిష్పత్తిని చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక; ధరలు మారినను ఇది మారదు.

ధరలో, ప్రభుత్వముల చేతిలోనివి. 2024లో తెలంగాణమున అర్హులైన కుటుంబములకు 500 రూపాయలకు బండయు, నెలకు 200 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్తును ప్రకటింపబడినవి. బండల రాయితీ గడచిన మూడేండ్ల సగటు వాడకమునకు మించదు. విద్యుత్తు మాత్రము 200 దాటినచో మొత్తము బిల్లు కట్టవలెను. ఇక్కడనే చిక్కున్నది. నెలకు 150 యూనిట్లు వాడు ఇంట నలుగురికి దినమునకు నాలుగు బకెట్ల స్నానపు నీళ్లు రాడ్డుతో వెచ్చచేసినచో దాదాపు 78 యూనిట్లు చేరి 228 అగును. 2022–23 నాటి పట్టిక ప్రకారము 200 వరకు 5.10, ఆపైన 7.70 చొప్పున ఇతర రుసుములు గాక 1,235 రూపాయలు! అవే నీళ్లకు గ్యాసు ఎనిమిదిన్నర కిలోలు. రాయితీ బండలో మూడువందల రూపాయలు. నూరు యూనిట్లతో సరిపెట్టుకొను ఇంటనో, రాడ్డు ఖర్చు సున్న.

విద్యుత్తుకు పొగ లేదనుటయు సగము సత్యమే. పొగ కనబడినచోట నిప్పున్నదని తార్కికులు ఊహింతురు. ఇచట వేడిమి కోరుట్లలోను, నిప్పును పొగయు రామగుండములోను ఉన్నవి. 1983లో అచట కేంద్రప్రభుత్వ సంస్థ విద్యుత్తు పుట్టింప మొదలిడెను. బొగ్గు కాల్చి నీటిని మరగించి, ఆ ఆవిరితో యంత్రము త్రిప్పి, వచ్చిన కరెంటుతో మరల నీటిని కాచుచున్నాము. బొగ్గులోని వేడిమిలో మూడవవంతే తీగనెక్కును. అయినను ఇంటిలోని పసిబిడ్డకు ఆ పొగ సోకదు; మా దృష్టిలో అది గొప్ప లాభము.

మార్గశిర పుష్య మాసములలో ఇల్లాండ్రు మీటరు చూచుచు, 190 దాటగానే రాడ్డును చిలుకకొయ్యకు తగిలించి కాగును గ్యాసుపై కెక్కించుచున్నారు. ఏటి బండలు ముందే అయిపోవునేమోయని శంకించువారి పెరటిలో మూడురాళ్ల పొయ్యి యింకను ఆరలేదు.